కొసరు

నూట పదమూడు దేశాలు
ఒక్క షీటులో పక్కపక్కన పడుకుని ఉన్నాయి.
రాజేంద్రనగర్‌లో మూడో అంతస్తు.
కిటికీ కింద ప్రయోగాల మడిలో జొన్న
నడుం దాకా లేచింది.
ఏ వరసకి ఎంత ఎరువో పట్టించుకోకుండా
కొంగలు తిరుగుతున్నాయి.

గడులు నింపడం నా పని.
ఎకరానికి ఎన్ని నీళ్లు, కిలోకి ఎంత పొగ,
పళ్లెంలో ఎన్ని రంగులు,
పారబోసిన అన్నం ఎన్ని టన్నులు,
పండించిన మనిషికి సాయంత్రానికి ఎంత మిగిలింది.
అన్నిటినీ సున్నాకీ వందకీ మధ్య కూచోబెట్టాలి.
సున్నా అంటే రేపు లేదని.
వంద అంటే ఎవరూ ఇంకా చేరని ఊరు.

కొన్ని దేశాలు మొదటి బెంచీ పిల్లల్లా
ఒక్క గడీ వదలకుండా రాసి పంపుతాయి.
కొన్నిటి నుంచి ఏమీ రాదు.
గోదాముల మీద బాంబులు పడుతున్నప్పుడు
గోధుమల లెక్క ఎవరు రాస్తారు?
అక్కడ పొరుగు దేశాల సగటు వేయమంటుంది నియమావళి.
వేశాను.
ఒక దేశం ఆకలిని
పక్కింటి భోజనంతో పూడ్చాను.

బరువుల పని తబస్సుమ్‌ది.
నేలకి ఎంత, నీటికి ఎంత, కూలికి ఎంత.
నిన్న మధ్యాహ్నం ఊరికే చూద్దామని
కూలి బరువు రెండు పాయింట్లు తగ్గించింది.
పదకొండు దేశాలు పైకెక్కాయి,
ఎక్కడా ఒక్క గింజ ఎక్కువ పండకుండానే.
మళ్లీ పాత అంకె వేసేసి
వెళ్లి చేతులు కడుక్కొచ్చింది.

ఇవాళ ఫారాలు పట్టుకుని పీర్జాదిగూడ వెళ్లాం.
మూసీ మీద నురగ
పెళ్లివారి పాలగంగాళంలా పొంగుతోంది.
పక్కనే గట్టు దిగితే
కళ్లు చెదిరేంత పచ్చగా తోటకూర, పాలకూర, బర్రెల గడ్డి.
పెంటమ్మది ముప్పై గుంటల కౌలు.

ప్రశ్న పద్నాలుగు: సాగునీరు ఎక్కడిది?
"మీరు పొద్దుగాల వదిలిన నీళ్లే బిడ్డా."
షీటులో దాని పేరు పునర్వినియోగం,
మార్కులు బాగానే పడతాయి.
ఆమె పిక్కల మీది దద్దులకి గడి లేదు.

ప్రశ్న ఇరవై రెండు: ఈ సాగు ఇంకో పదేళ్లు ఇట్లాగే నిలుస్తుందా?
ఆమె కొడవలి మొనతో అవతలి గట్టు చూపించింది.
"నన్నెందుకు అడుగుతవు, అగో, ఆ బిల్డింగును అడుగు.
నెలకొక అంతస్తు లేస్తున్నది."
ఫారంలో ఉన్నవి రెండే: అవును, కాదు.
తబస్సుమ్ పెన్ను కాసేపు గాలిలో ఆగింది.

వచ్చేముందు తోటకూర కొన్నాను,
ఇరవై రూపాయలకి నాలుగు కట్టలు.
నోటు రొంటిన దోపుకున్నాక
వంగి, గుప్పెడు కొత్తిమీర పీకి సంచిలో వేసింది.
"ఇదెంత?"
"అది కొసరు."
లెక్క అయిపోయాక మొదలయ్యే లెక్క.
చేత్తో అంచు సమం చేసే మానిక ఒకటి ఉంటే,
మొన తేలి గింజలు కిందికి జారేదాకా
పోసే మానిక ఇంకొకటి ఉండేదట.
నా షీటులో అన్నీ మొదటి రకం మానికలే.

సాయంత్రం ఆఫీసులో కొత్త కాలమ్ తెరిచాను.
సూచిక: కొసరు. ప్రమాణం: గుప్పెడు.
సమాచారం దొరికిన దేశాలు: ఒకటి.
నిజానికి దేశం కూడా కాదు, ఒక మనిషి.
యంత్రం ఎర్రగా మెరిసి, ఇది చెల్లదంది.
చెల్లదని నాకూ తెలుసు.
తబస్సుమ్ చూసి కూడా
చెరిపెయ్యమని అనలేదు.

ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర.
కొత్తిమీర వాసన చూశాను,
దాని వెనకే సన్నగా ఇంకో వాసన.
ఉప్పునీళ్లలో నానబెట్టి ఒకసారి,
పసుపు వేసి ఇంకోసారి,
ఆపైన లెక్కపెట్టకుండా కడిగాను.
ఆ నీళ్లు సింకులో గుడగుడమని దిగిపోయాయి.
ఎటు పోతాయో నాకు తెలుసు.
తెల్లారేసరికి ఎవరి మడిలో ఉంటాయో కూడా.