రెలాంపో

ఆ రోజు పుంతా అరేనాస్‌లో గాలి మనుషుల్ని ఏరుకుంటోంది.
మూలమలుపుల్లో మునిసిపాలిటీవాళ్లు తాళ్లు కట్టారు
జనం పట్టుకుని దాటడానికి.
ఒక చేత్తో తాడు, ఇంకో చంకలో
గోనెసంచిలో చుట్టిన ఆటపెట్టె,
ఎలియేసెర్ మన్సీయా నా కొట్టు తలుపు భుజంతో తోశాడు.
పీతల పడవలో వంటవాడు.
ఒంటినిండా ఉల్లిపాయ, డీజిలు.

"కొత్తది కొనుక్కోవచ్చుగా" అన్నాను.
ధర చెప్పేముందు అందరితో అనే మాటే.
"కొన్నాను.
అందులో మా గుర్రం లేదు."

మీట నొక్కితే పచ్చ లైటు, చిటికెలో పసుపు,
ఆపైన ఎర్రగా కొట్టుకుని కొట్టుకుని
ఇక ఉలుకూ పలుకూ లేదు.
హార్డ్ డిస్క్ ఊడదీసి, కరెంటిచ్చి, చెవి దగ్గర పెట్టుకున్నాను.
నిక్షేపంగా తిరుగుతోంది.
నా కంప్యూటర్‌కి తగిలిస్తే మాత్రం
మొదట్నుంచి చివరిదాకా ఇసుక.
ఒక పేరు లేదు, ఒక తేదీ లేదు.

చెప్పక తప్పలేదు:
డిస్కు బతికే ఉంది,
కానీ తనతో పుట్టిన బోర్డు అడిగితేనే నోరు విప్పుతుంది.
తాళంచెవి ఆ బోర్డు కడుపులో ఉంది.
చచ్చింది బోర్డు.

టోపీ తీసి చేతుల్లో తిప్పాడు.
"మా అత్తగారూ అంతే.
బీరువా తాళం ఎక్కడుందో చెప్పకుండా పోయింది.
గునపంతో పగలగొట్టాం.
లోపల దుప్పట్లు."
ఇక్కడ గునపం పనిచెయ్యదన్నాను.

గుర్రం సంగతి రెండోరోజు చెప్పాడు,
నేను పాత కెపాసిటర్లు పీకుతుంటే, అడక్కుండానే.
వేట మూసిన మే నెల.
ఐదు కాకముందే చీకటి.
నాయరెత్‌కి ఏడేళ్లు. ఒకే రిమోటు, వంతులేసుకుని ఇద్దరూ.
గుర్రానికి పేరు పెట్టమంది ఆట.
రెలాంపగో అని పెట్టాలని, అంటే మెరుపని,
తెరమీద అక్షరాలు ఒక్కొక్కటే ఏరుతూ
మధ్యలో రెండు మింగేసింది పిల్ల.
దిద్దబోతే ఏడుపు. అదే దాని పేరట.

"ఇప్పుడు రేవులో క్రేను నడుపుతోంది" అన్నాడు.
"తను అడిగిందా?"
"దానికి గుర్తే లేదు. గుర్తున్నది నాకు.
నా ఒక్కడికే గుర్తుంటే
జరిగినట్టా, నేను కల్పించినట్టా?"

నాలుగోసారి వేడిగాలి పట్టాను.
జిగురు కాలిన వాసన, కళ్లల్లో నీళ్లు.
ఫ్యాను విమానంలా మోగింది.
పచ్చ లైటు.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం,
మా ఊపిరికే ఆరిపోతుందేమోనన్నట్టు.

ముందు కాపీ, చూడ్డం తర్వాత. అది నా పద్ధతి.
పెన్‌డ్రైవు గుచ్చాను.
ఈ ఫైలు నకలు తీయడానికి అనుమతి లేదు, అంది తెర.
ఎవడో ఒకడు, ఏదో ఆఫీసులో,
కాఫీ తాగుతూ పెట్టి ఉంటాడు ఆ నియమం.
నేను తిట్టిన తిట్టు రాయను.

"అయితే చూద్దాం" అన్నాడు ఎలియేసెర్.
స్టూలు లాక్కున్నాడు.
చీకటి కొట్టం, గడ్డి,
ఒక గోధుమరంగు గుర్రం అటు తిరిగి నిలబడింది.
దగ్గరికెళ్తే నెత్తిమీద తెల్లటి అక్షరాలు.
అతను ఎక్కలేదు.
యుద్ధాలున్నాయి ఆ ఆటలో, కోటలున్నాయి, నిధులున్నాయి.
మీట నొక్కి యాపిలు పెట్టాడు,
మళ్లీ పెట్టాడు,
సంచిలో ఉన్నవన్నీ పెట్టాడు.
గుర్రం ప్రతిసారీ ఒకేలా తలూపింది.
నేను ఫోనుతో ఒక ఫొటో తీశాను, చెయ్యి వణికింది.
పదకొండో నిమిషంలో పసుపు,
తర్వాత ఎరుపు.

"ఎంతయింది?"
కెపాసిటర్ల ఖరీదు చెప్పాను.
ఇచ్చాడు. డిస్కు చొక్కా జేబులో వేసుకున్నాడు.
"ఇసుకే కదా" అన్నాను.
"ఉండనీ" అని
తాడు పట్టుకుని గాల్లోకి వెళ్లిపోయాడు.

ఆదివారం ఒకమ్మాయి వచ్చింది, పసుపు కోటు, చేతిలో హెల్మెట్టు.
"మా నాన్న ఏదో గుర్రం గుర్రం అంటున్నాడు, ఏం గుర్రం?"
ఫోను చూపించాను.
మసక. వేళ్లతో పెద్దది చేసి చూసింది,
చాలాసేపు చూసింది.
"ఎవరో గానీ
తప్పు రాశారు" అంది.