పక్క గది

నాది తాళాల కొట్టు. హంట్స్‌విల్‌లో
లాండ్రీకీ, మూతబడ్డ తివాచీల దుకాణానికీ నడుమ.
ఆ తివాచీల గది అద్దెకు తీసుకుంది విల్మెటా క్రాఫ్ట్,
పెద్ద కంపెనీలో పంతొమ్మిదేళ్ల కొలువు వదిలి,
ఇల్లు బ్యాంకులో పెట్టి.
కుర్చీ కొనకముందే
నా దగ్గర అంకెల చక్రమున్న బీరువా కొంది.
"ఇందులో ఏం దాస్తావమ్మా?" అన్నాను.
"ఇంకా ఏమీ లేదు, ఆర్లిస్.
దాచడం వచ్చని ముందు సర్కారుకి చూపించాలి."

ఊరి చివర రాకెట్ ఇంజన్లు మండించినప్పుడల్లా
నా గోడ మీది తాళంచెవులన్నీ గలగలమనేవి.
ఆమె తల ఎత్తేది కాదు.
సైనికుడి రేడియోలో మాట
గాలిలోకి దిగేముందు పిండి పిండై
అవతలి చెవి దగ్గర మళ్లీ మాటవ్వాలి.
నాతో చెప్పింది అంతే.
మిగతాది మొగుడికీ చెప్పలేదు.
రాత్రి భోజనాల దగ్గర వాళ్లు
కుక్క కాలి పుండు గురించి మాట్లాడుకునేవారట.

మొదటి టెండరు నాలుగు వందల పేజీలు.
నా వ్యానులోనే తీసుకెళ్లాం.
వాన. పైగా రైలు గేటు పడింది.
కిటికీ వెనక మనిషి కవరు మీద ముద్ర గుద్దాడు:
రెండు గంటల రెండు నిమిషాలు.
గడువు రెండింటికి.
విప్పకుండానే తిరిగిచ్చాడు.
దారంతా ఆమె ఒక్క మాటే అంది:
"వాళ్ల గడియారం మంచిది."

తర్వాత ఓ పెద్ద కంపెనీ కింద ఇంకో కంపెనీ,
దాని కింద ఈమె, పంక్తిలో చివరి విస్తరి.
డబ్బు తొంభై రోజులకొచ్చేది,
జీతాలు పదిహేను రోజులకివ్వాలి.
ట్రక్కు అమ్మేసింది.
ఐదేళ్లకు పదకొండు మందయ్యారు.
తలుపు మీద పేరు లేదు, నంబరే.

ఒక రాత్రి కొట్టు మూస్తుంటే వచ్చింది.
చేతిలో చల్లారిన కాఫీ.
"పక్కవాడి చెవికీ తెరుచుకుంటుందని తెలిసి
ఎప్పుడైనా తాళం అమ్మావా?"

అమ్మాను.
ఎనభై ఏడులో ఒక పెట్టెడు సరుకు.
ప్రతి ఏడో తాళానికీ ఒకటే చెవి.
తెలిసేసరికి నలభై ఇళ్లకు బిగించేశాను.
నోరు మూసుకున్నాను.
ఎవరింట్లోనూ దొంగలు పడలేదు.
ఆ మాటే చెప్పాను, ఓదార్పు అనుకుని.

కాఫీ నా చెత్తబుట్టలో పోసి వెళ్లిపోయింది.
తెల్లారి తనే ఫోను చేసింది:
నా కోడులో కంత ఉంది,
రాసింది నేనే,
ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు,
రేడియోలు వెనక్కి పిలిపించండి.

కాంట్రాక్టు పోయింది. నలుగురు పోయారు.
వాళ్లలో బార్టన్ అనే కుర్రాడు
మూడు నెలలు నా కొట్లో చెవులు చెక్కాడు.
ఆమె మీది కోపంతో
ఒక్కటీ సరిగ్గా చెక్కలేదు.
రెండేళ్లు ఆ గదిలో ఆమె దీపం ఒక్కటే.
మళ్లీ పిలిచిందీ వాళ్లే. ఎందుకో నన్నడక్కండి.
ఇంటిదొంగను పట్టడం దేవుడి తరం కూడా కాదంటారు;
తనే చెయ్యెత్తిన దొంగను ఏం చేయాలో
వాళ్ల రూల్ బుక్కులో లేదేమో.

పోయినేడు కంపెనీ అమ్మేసింది.
బీరువా నాకిచ్చి పోయింది, తలుపు బార్లా తీసి.
అడుగున ఆ కవరు,
ఇంకా విప్పనిదే.

నా పాత ఖాతా పుస్తకం వెతికి తీశాను.
నలభై చిరునామాల్లో మొదటిది డాగ్‌వుడ్ వీధి.
కొత్త తాళం జేబులో వేసుకుని వెళ్లి తట్టాను.
నా తాళం ఎప్పుడు పీకేశారో,
అంకెల మీటలు, నీలం దీపం, పైన కెమెరా.
ఎవరు, ఏమిటి అని అడగకుండానే
ఓ చిన్నపిల్ల తలుపు తీసింది.