డబ్బెడంటే ఎంత

దిగంబర్ నిన్న దిగిండు, ముధోల్ నుంచి.
షార్జా సజ్జా క్యాంపుల
నా పొయ్యి ఇగ వానిది.
పొద్దున లేస్తనే ఫోను తీసి అడిగిండు:
"అన్నా, పద్నాలుగు మందికి బియ్యమెంత?"
తొమ్మిది డబ్బాలు, అన్న.
"డబ్బా అంటే ఎంత?"

పాల డబ్బా. మూతి కోసి, అంచు బండకు నూరిన.
నేనొచ్చిన ఏడు చాయకని కొన్నది.
పాలు రెండు దినాలకే అయిపోయినయి,
డబ్బా పదకొండేండ్లాయె.
దానికి గ్రాములు తెల్వయి.

స్టోరుల కుంజుమోన్‌దీ ఇదే లొల్లి:
ఈ నెల నుంచి రాషన్ కిలోలల్ల రాసియ్యాలె,
డబ్బాలని రాస్తే ముదీర్ సంతకం పెట్టడట.

క్యాంపుల కాంట ఒక్కటే,
సంచులు జోకే కొక్కెం కాంట.
ఇంటికి పోయేటోని మంచం రాడుకు వేలాడుతది.
దుప్పట్లు, పాలపొడి, తలనొప్పి బాము, పిల్లల బూట్లు
ముప్పై కిలోల కాడ ఎన్ని బయట పారేయించిందో.

దానికి తగిలిచ్చినం బియ్యం.
ఒక్క డబ్బా పోస్తే అంకె నిలుస్తలేదు,
ఓసారి మూడొందలంటది, ఓసారి మూడొందల యాభై.
పది డబ్బాలు పోసి పదితోని పంచిన:
మూడొందల ముప్పై.
దిగంబర్ రాసుకున్నడు.

అదే డబ్బెడు గోధుమపిండి, రెండొందల పది.
"తప్పు జోకినమా అన్నా?"
ఉప్పు చూడు,
కిలో పాకిటు రెండు డబ్బాలు నిండి పిడికెడే మిగిలింది.
కారమైతే నొక్కితే ఓ లెక్క, నొక్కకుంటే ఓ లెక్క.
"డబ్బా ఒక్కటే గద?"
ఔ. రూమూ ఒక్కటే గదరా,
పై మంచమోడు, కింది మంచమోడు ఒక్కటే బరువా?

ఇంకా రాయించిన:
రంజాన్ల నలుగురు మసీదు డేరా కాడ తింటరు,
రెండున్నర డబ్బాలు తక్కువ.
జీతం ఆలస్యమైతే పప్పుల రెండు చెంబుల నీళ్లు ఎక్కువ.
ఎవనికన్న ఇంటి నుంచి సావు ఫోనొస్తే
వాడేం తింటడని కొలువకుంట ఉంటవు.
కొలువు.
అర్ధరాత్రి లేచి తింటడు.

ఇది ఏ గడిల రాసిండో నేను చూడలే.

సాయంత్రం అదే కొక్కేనికి నా సంచి.
ముప్పై కిలోల మూడొందల ముప్పై.
ఇద్దరం నవ్వినం.
సబ్బులు తీద్దామంటే బిడ్డ పేరు చెప్పి అడిగినవి.
ఖర్జూరం తీద్దామంటే బావకు మాటిచ్చిన.
బట్టల నడుమ చుట్టిన డబ్బా తీసి
ఒక్కదాన్నే తగిలిచ్చిన.
సున్న.
మల్ల తగిలిచ్చిన. సున్నే.

దిగంబర్ ఏమనలే. దాన్ని అందుకొని, కడిగి
బియ్యం డ్రమ్ము మీద బోర్లేసిండు.
నేను ఖర్జూరం పాకిటు పక్కకు పెట్టిన.

ఎసరు మరిగింది.
వాడు పైకే లెక్కవెట్టుకుంట పోస్తున్నడు,
తొమ్మిది కాడ ఆగి నా దిక్కు చూసిండు.
ఈ రాత్రికి పదిహేను మందిమిరా,
ఇంకో అర డబ్బెడు.