గొర్రెలు ఎక్కని వంతెన

పదిహేనేళ్ళ తర్వాత రోమా లోయలో కలిశాం,
ఇరవై ముగ్గురం.
బట్టతలలు, కళ్ళద్దాలు, ఒకరిద్దరికి విడాకులు.
యూనివర్సిటీ గేటు పక్కన పాలరాతి పలక పెట్టి
దాని మీద మా పేర్లు చెక్కిద్దామని
అప్పటికే చందాలు పోగయ్యాయి.
ఎవరి పేరు ముందన్న దగ్గర
మాటా మాటా పెరుగుతోంది.

అప్పుడు న్థతీసి లేచింది.
చదివే రోజుల్లో వెనక బెంచీలో
నోట్సు అంచున గుర్రాలు గీసుకునే పిల్ల,
ఇప్పుడు సెంకున్యానే నది ఒడ్డున పంతులమ్మ.
"పడవకు చిల్లర లేని పదకొండు మంది
బట్టలు నెత్తిన పెట్టుకుని నది దాటి
మా బడికి వస్తారు," అంది.
"ఫిబ్రవరిలో అసలు రారు.
హాజరుపట్టీ నిండా నది సంతకమే."
ఇంకేం అనకుండా కూర్చుని
చల్లారిన మాంసం ముక్క కొరికింది.

పలక సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మాలో ఇంజనీరు ఒక్కడే, మొఖేతి.
మిగతావాళ్ళం భూగోళం, లెక్కలు, ఒక లాయరు.
నేను మసేరు బ్యాంకులో చిరిగిన నోట్లు లెక్కపెట్టేదాన్ని,
జలశాస్త్రం పేపరు రెండుసార్లు తప్పి
మూడోసారి ఎవరి దయతోనో గట్టెక్కినదాన్ని.

మే నెలలో వెళ్ళాం.
నది నడుము లోతున, ఏమీ ఎరగనట్టు.
మొఖేతి మూడుకాళ్ళ పరికరం నిలబెట్టి
ఒక కన్ను మూసి, కాగితం నింపి
"ఇంత ఎత్తు చాలు" అన్నాడు.
నేనూ తలూపాను. తలూపడానికి మార్కులు అక్కర్లేదు.

ఒడ్డున బోర్లించిన పడవకు
ఒక ముసలాయన తారు పూస్తున్నాడు. పేరు లెబూసా.
మేం వస్తే పోయేది ఆయన కూడే.
అది మాకు తెలుసు, ఆయనకీ తెలుసు.
కుంచె పక్కన పెట్టి, దుప్పటి సర్దుకుని
వాలు మీద మెల్లగా పైకి నడిచాడు.
మొఖేతి గీసిన గీతకు రెండు నిలువుల పైన
ఒక బండకు అరచెయ్యి ఆనించాడు.
"నా తమ్ముడు ఇక్కడ దొరికాడు,
ఈ బండకూ ఆ తుప్పకూ మధ్య."

మొఖేతి కాగితం నలిపి జేబులో పెట్టుకున్నాడు.
నేను రెండుసార్లు తప్పిన ప్రశ్నకు జవాబు
ఆ బండ మీద
అరచెయ్యంత వెడల్పున ఉంది.

ఎత్తు పెరిగితే ఖర్చూ పెరుగుతుంది.
లాయరు తన కారు అమ్మాడు,
అమ్మిన సంగతి ఏడాది దాకా చెప్పలేదు.
కవలల తల్లి త్సెలాని రాత్రిళ్ళు ట్యూషన్లు చెప్పింది.
ఇద్దరు ఇస్తామని ఇవ్వలేదు. వాళ్ళ పేర్లు రాయను,
మళ్ళీ కలిసినప్పుడు పక్కన కూర్చోవాలి కదా.
రాళ్ళన్నీ ఊరే మోసింది.
శనివారాలు మేం పోతే జొన్నగంజి పోసి
మా మెత్తటి చేతులు చూసి ఆడవాళ్ళు నవ్వేవారు.
జూలై మంచుకు పని ఆగింది.
ఇనపతాడు ఒకటి కొలత తప్పి వచ్చి వెనక్కి పోయింది.
రెండో ఏడు చివర్లో, ఎలాగో, అయింది.

ఫిబ్రవరిలో నది వచ్చింది.
బురదగా, చెట్లను వేళ్ళతో సహా మోసుకుంటూ
మా మొదటి గీతను మింగేసి
బండకు మూరెడు కింద ఆగింది.
ఆ రాత్రి మొఖేతి ఫోను చేశాడు.
చాలాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది.

లెబూసాకు పని పోలేదు.
గొర్రెలు వంతెన ఎక్కవు.
చెక్కల సందుల్లో నీళ్ళు మెరవగానే
నాలుగు కాళ్ళూ బిగబట్టి నిలబడిపోతాయి.
మా ఇరవై ముగ్గురి చదువుకూ తట్టనిది అది.
అందుకని ఆయన ఇంకా తెడ్డు వేస్తున్నాడు,
పడవ నిండా ఉన్ని వాసన.
వంతెన కిందికి రాగానే తలెత్తి చూసి
పెదవి విరుస్తాడు.

నేనూ ఎక్కాను.
సగం దాకా పోయి, కిందికి చూసి
గొర్రెనై నిలబడ్డాను.
వెనకనుంచి ఒక పిల్ల
"దారి, దారి" అంటూ నన్ను రాసుకుంటూ పరిగెత్తింది,
పొడి గౌను, పొడి బూట్లు,
నది వంక ఒక్కసారైనా చూడకుండా.
ఆలస్యమైందట.
గంట కొట్టేశారట.