రాసిన వరుస, చేరిన వరుస

మలక్‌పేట గంజ్‌లో మిర్చి కాంటా పక్కనే నా టేబుల్.
కీబోర్డు సందుల్లో ఎర్రటి పొడి.
కాంటా చెప్పిన తూకాన్ని నా ప్రోగ్రాం ఒక ఫైల్లో రాస్తుంది,
ఆ తర్వాతే ఇంకో ఫైల్లో ఒక్క మాట: అయింది.
ముందు తూకం, వెనక మాట.
ఆ వరుస నా చేత్తో పెట్టిందే.

రెండు ఫైళ్లూ ఇక్కడ ఉండవు.
నల్ల కేబుల్ గోడ దాటి, చాయ్ హోటల్ రేకుల మీదుగా పోయి
బషీరుద్దీన్ సాబ్ తాళమేసుకునే గదిలో దిగుతుంది.
అక్కడుంటాయి.

ఏప్రిల్ ఆఖర్న గాలివాన.
నాలుగూ పదికి కరెంటు పోయింది. యూపీఎస్ రెండుసార్లు కూసి పడుకుంది.
తిరిగొచ్చాక చూస్తే
లాట్ నూట ఆరు, గుగులోతు చాందీబాయి, డోర్నకల్ దగ్గరి తండా,
పద్నాలుగు బస్తాలు: అయింది.
తూకం దగ్గర సున్నాలు.
ఎవరో చెరిపినవి కావు,
ఎవరూ ఇంకా అడుగుపెట్టని చోటి సున్నాలు.

"ఐదు క్వింటాళ్ల అరవై. ఎర్రంకెలు ఆగినంక సూసిన బిడ్డా."
ఆమె అబద్ధమాడలేదు. కాంటా ఆడలేదు.
నా ప్రోగ్రామూ ఆడలేదు; రాశావా అనడిగింది,
రాశాననే జవాబు విని ముందుకు కదిలింది.

జవాబిచ్చింది ఆపరేటింగ్ సిస్టమ్.
మా అటెండరు సాయిలు బాపతే అది.
కాయితం చేతిలో పెడితే "ఇచ్చేసిన సార్" అంటాడు,
కాయితం ఇంకా చంకలోనే ఉంటుంది.
ఒక్కోదానికి ఒక్కోసారి మెట్లెక్కితే మోకాళ్లేం కావాలి?
పది పోగయ్యాక పోతాడు, చేతికందింది ముందిస్తాడు.
తిట్టలేను కూడా.
అలా పోగేసి మోయబట్టే
పొద్దుగూకేలోపు రెండువేల బస్తాలు తెములుతున్నాయి.

ఆ సాయంత్రం తేలికమాట ముందు వైరెక్కింది.
బరువు ఇంకా గడపలో ఉండగానే చీకటి.

బషీరుద్దీన్ సాబ్ కళ్లజోడు తుడుచుకుంటూ అన్నాడు:
"మా సర్వర్ భీ రెండు తీర్ల హా అంటది మియా.
విన్న అని ఒకటి, డిస్కు మీద పెట్టిన అని ఒకటి.
మీరు ఒకటోదానికే చెప్పులేసుకుంటరు."

రెండు రాతల మధ్య ఎఫ్‌సింక్ పెట్టాను. ఒక్క లైను.
తూకం అవతల డిస్కు మీద ఆనిందని కబురొచ్చేదాకా
అయింది అనే మాట గొంతు దాటదు.
ప్రతి లాటుకీ ఒక చిన్న ఆగడం.
హమాలీ ఆ సందులో మెడ తుడుచుకుంటున్నాడు.
షావుకారు మాత్రం "మిషన్ ముసల్దైంది" అంటున్నాడు.

తెల్లారి చాందీబాయి బస్తాలు మళ్లీ తూచాం.
ఐదు వందల అరవై మూడు.
రాత్రి చెమ్మ తాగిన మిర్చి.
"వానబరువు నాకొద్దు," అంది ఆమె, "నిన్నటిదే రాయి."

నిన్నటిదే రాశాను.
కబురు కోసం కూర్చున్నాను.
ఆమె కూడా, బస్తా మీద.