బారువ ధర

అమెరికా దేశంలో యుద్ధమట.
మనుషుల్ని కొనొచ్చని సగం దేశం,
కూడదని సగం.
కొత్త సీమ చేరినప్పుడల్లా
ఏ తక్కెడలో వెయ్యాలని తగువట, ఏళ్ల తరబడి.
చివరికి తక్కెడే విరిగింది.
బందరు నుంచి కబురు తెచ్చినవాడు
మంచినీళ్లు కూడా తాగకుండా ధర చెప్పాడు.

గుంటూరు పత్తిగుట్టల మధ్య
కామిశెట్టిగారు తొడ చరిచారు.
బారువకి మూడింతలు!
"పాపం, అక్కడ మనుషుల్ని అమ్ముకుంటారటయ్యా,"
నిజంగానే కళ్లు తుడుచుకున్నారు.

నేను గుమాస్తాని. రాశాను.
పత్తి లెక్క కింద జాగా మిగిలితే
ఎలమంద పద్దు:
తండ్రి చేసిన అప్పు పన్నెండు రూపాయలు,
పద్నాలుగేళ్ల పాలేరుతనం పోగా
బాకీ పంతొమ్మిది.

బోరెం దించి, గుమ్మం బయటే నిలబడి
ఎలమంద అడిగాడు:
"అయ్యా, ఆ యుద్ధం
ఇక్కడికెప్పుడొస్తది?"

ఇసుక చల్లి
సిరా ఆర్చాను.