జగ్గులో చేప

విట్బీలో నవంబరు. మూడున్నరకే దీపాలు.
రక్తపరీక్ష కాగితంలో డి విటమిన్ పక్కన
బాణం గుర్తు, కిందికి.

"మాత్రలు మింగు. కిప్పర్ కూడా తిను" అంది
కింది వాటాలో ఎనిడ్.
వీపు వెంట చీల్చి, ఓక్ పొగలో
రాత్రంతా వేలాడదీసిన హెర్రింగ్.
రాగిరంగు. ముట్టుకుంటే వేలికి నూనె.

అలవాటు కొద్దీ కారం, పసుపు దట్టించి
పెనం మీద వేశాను.
పొగ అలారం మూడు వాటాల వాళ్ళనీ
చెప్పుల్లేకుండా చలిలోకి తరిమింది.

ఎనిడ్ తిట్టలేదు. జగ్గు పట్టుకుని పైకొచ్చింది.
తోక పైకుండేలా చేపని దించి
మరిగే నీళ్ళు పోసి, సాసరు మూసి
"ఆరు నిమిషాలు" అంది.
ఆ ఆరు నిమిషాలూ కిటికీలోంచి
రేవుకేసే చూసింది, నాతో మాట్లాడలేదు.

ఉప్పు కొంత నీళ్ళలోకి పోయింది.
ముళ్ళెక్కడికి పోతాయి?
మా భీమిలి కవ్వళ్ళకి చుట్టాలు,
నాలుక్కి తెలుస్తాయి, కంటికి కాదు.

మిగిలిన సగం మర్నాడు
చింతపండు పులుసులో పడింది.
పొగవాసన పులుపుతో కాసేపు పేచీ పెట్టుకుని
రాత్రికి సర్దుకుంది.
ఓ గిన్నెడు కిందికి పంపాను.

గిన్నె కడిగి తిరిగొచ్చింది,
లోపల ఒక నిమ్మకాయ.